దూలానికి కట్టిన దీపాలు

నా చిన్నప్పుడు నాకు తెలివి ఎక్కువని మా ఇంట్లో అనేవారు. ఆ మాట నేను నమ్మేయడమే నా తెలివితక్కువతనానికి మొదటి గుర్తు. రెండో గుర్తు నా ఒంటి మీద తడితడిగా దొరికింది. క్రిస్మస్ దీపాలు పెట్టిన మా ఇంటిని మురిసిపోయి చూసుకుంటూ నడిచి, మా ఇంటి ముందు కాలవలోనే పడ్డాను. కాలు జారడం తరవాతి సంగతి, ముందు జారింది చూపు.

మా ఊరు రాజోలుకి దగ్గర. మా ఇల్లు పంటకాలవకి ఇవతలి గట్టున ఉండేది. చర్చి, బడి, కొట్లు, చుట్టాల ఇళ్ళు అన్నీ అవతలి గట్టున. మధ్యలో అడ్డంగా పడేసిన ఒక కొబ్బరి దూలం. వంతెనన్నా వారధన్నా మాకు అదే. పగటిపూట పిల్లలం దాని మీద పరుగులు తీసేవాళ్ళం. మంచు కురిసే రోజుల్లో పొద్దుగూకేసరికి మాత్రం సబ్బు రాసినట్టు తయారయ్యేది.

ఇల్లేమో తాటాకిల్లు. గాలివానకి కప్పు లేచిపోకుండా చూరు బాగా కిందికి దింపి కట్టించారు మా తాతయ్య. ఎంత పొడుగాటి మనిషైనా మా గుమ్మంలోకి వంగే రావాలి. "కలెక్టరుగారైనా మనింటికి తల వంచుకునే వస్తారు" అని తాతయ్య గొప్పగా చెప్పుకునేవారు. ఏ కలెక్టరూ రాలేదు కాబట్టి ఆ మాట చివరిదాకా చెల్లింది.

ఆ ఏడు వానాకాలంలో మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, పెరట్లో జారి పడింది. తుంటి విరిగింది. అమలాపురం తీసుకెళ్ళి చూపించారు గానీ, ఆ వయసులో ఇక లేచి తిరగడం జరగదని చెప్పి పంపేశారు. అప్పటినుంచి ఆవిడ లోకమంతా నడిమింట్లో నులకమంచమే. ఆదివారం చర్చి గంట కొడితే మంచంలోనే తల మీద కొంగు సర్దుకునేది. అది చూసినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయేవారు.

మామ్మ బాగా పాడేది. ఊళ్ళో క్రిస్మస్ పాటల కేరల్స్ మొదలైన రోజుల్లో లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాడినవాళ్ళలో ఆవిడ ఒకతె. అటువంటి మనిషి ఇంటికి కేరల్స్ వాళ్ళు రావడం మానేసి అప్పటికి కొన్నేళ్ళయింది. అవతలి గట్టునే నిలబడి ఒక చరణం పాడి, పండగ శుభాకాంక్షలు కేకేసి వెళ్ళిపోయేవారు. మేం ఇవతలి గట్టున నిలబడి చేతులు జోడించేవాళ్ళం. దానికి మా ఇంట్లో గట్టుపాట అని పేరు. పేరులో గట్టు ఉందేగాని పాట గట్టిగా వినపడేది కాదు. మామ్మ కాళ్ళు ఆడినన్నాళ్ళూ చర్చికెళ్ళి తనివితీరా పాడుకునేది కనక ఆ లోటు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు మంచం దగ్గరికి డోలు మోత వస్తుంది, మాట రాదు.

"ఈ ఒక్కసారి మన వాకిట్లోకొచ్చి పాడితే బాగుండునమ్మా. మళ్ళీ ఏటికి వినేదాన్ని ఉంటానో ఉండనో" అని డిసెంబరు మొదట్లో మా అమ్మతో అంది. అమ్మ "అలా అనకండత్తయ్యగారూ" అని పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి అప్పటికింకా వెలిగించలేదు.

కేరల్స్ వాళ్ళు ఎందుకు రావడం లేదో ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. వాళ్ళకి మనమంటే చులకన అన్న మాట తాతయ్య మనసులో ఉందని ఆయన మొహమే చెప్పేది. నేను ఇంకొంచెం లోతుగా ఆలోచించాను. అవతలి గట్టున డాబాలకి రంగుకాగితాల నక్షత్రాలు, పిట్టగోడల పొడుగునా సీరియల్ బల్బులు. మా ఇంటికి ఉన్నది ఒక్కటే బల్బు, అదీ నడిమింట్లో. ఇల్లు అందంగా లేదు కాబట్టి రావడం లేదు, అందంగా చేస్తే వస్తారు. నా తెలివికి ఇంతకన్నా ఏం కావాలి!

సరిగ్గా అప్పుడే, మస్కట్‌లో పనిచేసే మా బాబాయి, ఊరికి వస్తున్నవాళ్ళ చేత ఒక అట్టపెట్టె పంపాడు. అందులో రంగురంగుల చిన్న బల్బుల దండ. పెట్టె మీద ఒక దొరల ఇంటి బొమ్మ. ఏటవాలు కప్పు, కప్పు అంచు పొడుగునా దీపాలు, కప్పు మీద తెల్లగా ఏదో పేరుకుని ఉంది. అది మంచని తెలియక, దూది ఆరబెట్టుకున్నారనుకున్నాను. మాదీ ఏటవాలు కప్పే కదా, ఇంకేం!

కేరల్స్‌కి ముందురోజు పొద్దున్నుంచీ ఇంటితో కుస్తీ పట్టాను. తాటాకులో మేకు దిగుతుంది, నిలవదు. మట్టిగోడలో మేకు నిలుస్తుంది, గోడ నిలవదు. చూరు అంచుకి కొబ్బరితాడుతో కడితే దండ నా మోకాళ్ళ దాకా వేలాడింది. మా దూడ ఒక ఎర్ర బల్బుని పండనుకుని నోట పెట్టింది. ఈలోగా అమ్మ చూసి, "తాటాకు దగ్గర కరెంటు పెట్టేవంటే వీపు చిట్లగొడతాను" అని కేకలేసింది.

కేకలు విని తాతయ్య వచ్చారు. ఆయనా తిడతారనుకున్నాను. పెట్టె మీద బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, నడిమింటి వైపు ఒకసారి చూసి, "ఆయ్, కట్టేద్దాం. దీపం మాత్రం ఆకుని తాక్కూడదు" అన్నారు. ఇద్దరం వెదురు చీల్చి, చూరుకి మూరెడు ఎడంగా కర్రలు పాతి, వాటి మీదుగా దండ లాగాం. ప్లగ్గు పెట్టుకునే వీలు మా ఇంట్లో లేదు. నడిమింట్లో బల్బు తీసేసి ఆ హోల్డరులోంచే తీగ ఇవ్వాలి. అంటే ఇంటి బయట వెలగాలంటే ఇంటి లోపల ఆరాలి. అమ్మ మామ్మ మంచం పక్కన లాంతరు పెట్టింది.

పొద్దుగూకుతుండగా దీపాలు వెలిగాయి. నేను లోపలికి పరుగెత్తి, మామ్మ తలకింద దిండు ఎత్తుచేసి, గుమ్మంలోంచి కనిపిస్తున్న రంగులు ఒక్కొక్కటే చెప్పాను. చూరు కిందికి ఉండడం ఒకందుకు మంచిదైంది, పడుకున్న మనిషి కంటికి దీపాలు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. "ఇంక వాళ్ళు వచ్చేస్తారు మామ్మా" అన్నాను. ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో నమ్మకం కన్నా నా మీద జాలే ఎక్కువని నాకు అప్పుడు తెలియలేదు.

కాసేపటికి తాతయ్య వాకిట్లోంచి పిలిచారు. "ఒరే అబ్బాయ్, బాగుందని మనకి మనమే అనుకుంటే ఎలా? అవతలి గట్టుకెళ్ళి, కేరల్స్ వాళ్ళలాగా ఇంటికేసి చూసుకుంటా రా. ఎలా కనపడతందో చెప్దువుగాని."

వెళ్ళేటప్పుడు దీపాలు నా వీపు వెనక ఉన్నాయి, దూలం కనిపిస్తూనే ఉంది. అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగితే, మా ఇల్లు మా ఇల్లులా లేదు. చీకట్లో దీపాల అంచు ఒకటి, నీళ్ళలో తలకిందులుగా ఇంకొకటి. రేపు వాళ్ళు ఇది చూసి ఎలా ఆగిపోతారో ఊహించుకుంటూ, కేరల్స్ పాడించే మేష్టారిలా ఛాతీ విరిచి, లేని డోలు వాయిస్తూ పాట ఎత్తుకుని నడిచాను. పల్లవి పూర్తికాకుండానే పాట నీటిపాలైంది.

లోతు నడుం దాకానే. కానీ డిసెంబరు నీళ్ళు. తాతయ్య గెడకర్ర అందించి బయటికి లాగారు. ఆ గెడ పట్టుకుని ఆయన ముందే అక్కడ ఎందుకు నిలబడి ఉన్నారో అడగాలని నాకు తోచలేదు. ఆయన నవ్వలేదు. కండువాతో నా తల తుడుస్తూ అడిగారు.

"ఇల్లు కనపడిందా?"

"కనపడింది తాతయ్యా."

"మరి దూలం?"

నేను తల అడ్డంగా ఊపాను.

"వాళ్ళకీ అంతేరా. నువ్వు పాకే రోజుల్లో డోలాయన ఇక్కడే పడ్డాడు. డోలు నాశనమైపోయింది. ముందు లైటు పట్టుకున్నోడికి దారి కనపడద్ది, వెనకోడికి వాడి నీడ కనపడద్ది. మీ దూలం మీద నడవలేకపోతన్నామండీ అని మొహం మీద అనలేని మర్యాదస్తులు. నేనేమో మనమంటే చులకనైపోయిందని ఇన్నేళ్ళూ మూతి ముడుచుకు కూచున్నాను." ఆ చివరి మాట నాతో అన్నట్టు లేదు, కాలవతో అన్నట్టుంది.

మర్నాడు పొద్దున్నే ఇంటి చుట్టూ కట్టిన దండ విప్పేశాం. మైకు సెట్టు అతన్ని అడిగి తాతయ్య పొడుగాటి తీగ తెచ్చారు. నాన్నగారు కాలవలో దిగి, దూలానికి రెండు పక్కలా చేత్తో పట్టుకోవడానికి వీలుగా వెదురు కర్రలు దిగ్గొట్టారు. వాటికి దండ కట్టాం. నీళ్ళ మీద ఆ కరెంటు తీగని తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. అప్పట్లో మా మీద దేవుడికీ దయే, తరచూ పోయే కరెంటుకీ దయే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మామ్మకి ఇంక దీపాలు కనపడవు కదా అన్నాను.

"రంగులన్నీ నువ్వు చెప్పేవు కదరా, చూసేశాను. పాటకి చెవులు చాలు" అంది మామ్మ.

ఆ సాయంత్రం చీకటి పడుతూనే అవతలి గట్టున డోలు వినపడింది. అలవాటు ప్రకారం వాళ్ళు గట్టునే ఆగారు. చరణం మాత్రం ఎత్తుకోలేదు. ఇల్లంతా చీకటి, దూలం మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి వెలుగుతోంది.  తరవాత మేష్టారు గొంతు వినపడింది. "పెద్దయ్యగారూ, రమ్మంటారాండి?"

"ఆయ్, రండి బాబూ, రండి" అన్నారు తాతయ్య. దూలం చివరిదాకా ఎదురెళ్ళి నిలబడ్డారు.

కర్రలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వచ్చారు. డోలుని చేతులు మార్చుకుంటూ పసిపిల్లలా దాటించారు. చూరు కింద వంగి లోపలికి వచ్చి, లాంతరు వెలుతుర్లో మంచం చుట్టూ నిలబడి పాడారు. మామ్మ మొదట మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేసింది. ఆఖరి పాటలో సన్నగా గొంతు కలిపింది. మేష్టారు చెయ్యెత్తి సైగ చేశారు. డోలు ఆగింది. ఆవిడ గొంతు వినపడేదాకా అందరూ తమ గొంతులు తగ్గించుకుంటూ పోయారు. ఏ పాటకీ అంతకుముందు గానీ తరవాత గానీ అంత నిశ్శబ్దం నేను వినలేదు.

ఈస్టరు రాకుండానే మామ్మ వెళ్ళిపోయింది. మామ్మని ఉంచిన పెట్టెతో ఆ దూలం మీద నడవడం కుదరలేదు. మగవాళ్ళు కాలవలో వరసగా దిగి, నెత్తి మీదుగా చేతులు మార్చుకుంటూ అవతలికి చేర్చారు. పిలవకుండానే నీళ్ళలోకి దిగినవాళ్ళలో డోలాయన ముందున్నాడు.

ఇప్పుడు నా మనవలు ఏటా డాబా నిండా దీపాలు కడతారు. నేను అడ్డు చెప్పను. వీధి గుమ్మం దగ్గర మెట్టుకి ఒక బల్బు మాత్రం నా చేత్తో పెట్టుకుంటాను. ఎవరైనా మా ఇంటికి రావడం మానేస్తే, వాళ్ళకి నేనంటే చులకనేమో అన్న అనుమానం ముందు నాకూ వస్తుంది, నేనూ ఆ తాతకి మనవణ్ణే. అప్పుడు చెప్పులేసుకుని వాళ్ళ వైపు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మా ఇంటికి నడిచి వస్తాను. దారిలో ఏదో ఒకటి కాలికి తగులుతుంది. చాలాసార్లు అది నేను పెట్టిందే అయి ఉంటుంది.

ఇక తాతయ్య సంగతి. నేను అమలాపురంలో కాలేజీ చదివే రోజుల్లో, పండక్కి వచ్చినప్పుడు, అమ్మ నవ్వుతూ అసలు గుట్టు విప్పింది. "ఆ రోజు నీకన్నా ముందు పడింది మీ తాతయ్యగారేరా. దీపాలు ఎలా ఉన్నాయో చూసొస్తానని వెళ్ళి, తిరిగొస్తా పడ్డారు. నువ్వు లోపల మామ్మకి రంగులు చెప్తన్నావు. దొడ్డిదారినొచ్చి పంచె మార్చుకుని, వాడికి చెప్పకమ్మా అన్నారు." నాకు చెప్పిన పాఠం ఆయన అప్పుడే నేర్చుకుని వచ్చినదన్నమాట. ఆరబెట్టుకోకుండా నాకు అప్పగించేశారు.

ఆ సాయంత్రం చర్చికి బయల్దేరాం. తాతయ్యకి చూపు మందగించింది, నేను చెయ్యి అందించాను. సరిగ్గా దూలం మధ్యకి వచ్చాక ఆగి, "తాతయ్యా, ఈసారి ముందు మీరు పడతారా, నన్ను పడమంటారా?" అని అడిగాను.

ఆయన నీళ్ళకేసి చూశారు. "చెప్పేసిందన్నమాట మీ అమ్మ" అన్నారు.

 నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అవతలి గట్టెక్కాక కూడా వదల్లేదు.