పేరమ్మ ఒళ్ళో పెదకాపు పాగా

స్కాట్లండులో ప్రభువుల బిరుదులు తండ్రి పోతే కొడుక్కీ, కొడుకు లేకుంటే తమ్ముడికీ పోతాయట. ఆ వంశాల చరిత్రలు లావుపాటి పుస్తకాలుగా అచ్చేసుకుంటారు. కృష్ణపట్నం పక్కనున్న మా జాలర్ల పాలెంలో పెదకాపు, అంటే ఊరిపెద్ద పదవీ అట్లాగే నడిచేది. మాకు పుస్తకాల్లేవు. ఎర్రంచు పాగా ఒకటుండేది. పోయిన కాపు భార్య దాన్ని తన చేత్తో కొత్త కాపుకు అందించాలి. ఆ పని పేరమ్మ నెత్తిన పడింది.

పేరమ్మ ఎండుచేపలు గంపకెత్తుకుని ముత్తుకూరు దాకా తిరిగి అమ్మేది. బేరంలో ఆమెతో నెగ్గుకురావడం ఎవరి తరమూ కాదు. భర్త పోలేరయ్య మాత్రం నోట్లో నాలుక లేనివాడు. అతని అన్న గంగులయ్య పెదకాపు. గంగులయ్యకు పిల్లల్లేరు.

1958లో వాయుగుండం పట్టినప్పుడు వేటకెళ్ళిన గంగులయ్య తిరిగి రాలేదు. కాపు పోతే, మరొకరికి పాగా కట్టేదాకా పడవ కదలకూడదు. కడుపులు కాలుతున్నాయి. శవం దొరకలేదు కదా, ఆగమని పేరమ్మ మొత్తుకుంది. మావాళ్ళు వింటేనా? గంగులయ్య భార్య చేత ఇప్పించి పోలేరయ్యకు కట్టేశారు. ఒకసారి కట్టాక, ఆ మనిషి బతికుండగా పాగా మరొకరికి పోదు.

కొన్నాళ్ళకు గంగులయ్య, పులికాట్ వైపు ఒడ్డుకు కొట్టుకుపోయి బతికినవాడు, నడిచొచ్చాడు. తమ్ముడే కాపు, తమ్ముడు పోతేనే పాగా మళ్ళీ అన్నకు వస్తుందని పెద్దలు చెబితే విని నవ్వి ఊరుకున్నాడు.

"బావ నవ్వు నాకేం నచ్చలా" అంది పేరమ్మ.

"అన్న గదే. నన్ను ఎత్తుకోని పెంచినాడు" అన్నాడు పోలేరయ్య.

ఆ తర్వాత వలలు ఖాళీగా వచ్చినప్పుడల్లా, ఇద్దరు కాపులున్న ఊరికి గంగమ్మ ఎట్లా పెడుతుందని గొణుగుడు మొదలైంది. ఇద్దరిలో ఒకరు పోవాలని ఎవరూ పైకి అనలేదు. పేరమ్మ అమ్మకం మానేసి, భర్త పడవ వచ్చేదాకా ఒడ్డునే కూర్చునేది.

ప్రతి ఏడూ వేట మొదలుపెట్టే రోజున, పాగా కట్టుకున్న కాపూ అతని ఇంటి మనిషి ఒకరూ మాత్రమే మొదటి పడవలో వెళ్ళాలి. ఎప్పుడూ పోలేరయ్యతో అతని కొడుకు హజరత్తయ్య వెళ్ళేవాడు. 1963లో "ఈసారి నేను పోతాలేరా" అని గంగులయ్య ఎక్కాడు. పేరమ్మ పడవ అంచు పట్టుకుని వదల్లేదు. జనమే ఆమె వేళ్ళు విడదీశారు.

మధ్యాహ్నం పడవ ఒక్క మనిషితో తిరిగొచ్చింది. గంగులయ్య దిగి, పాగా తెచ్చి మరదలి ఒళ్ళో పెట్టాడు. "అల కొట్టింది. తమ్ముడు జారిపడినాడు" అన్నాడు.

ఏడుస్తూనే ఆమె పాగా తడిమింది. కట్టిన చుట్లు చెదరలేదు. కొస ఒక్కటే కాస్త తడిసింది.

"మనిషి నీళ్ళల్లో మునిగితే పాగా పొడిగా ఎట్ట వచ్చింది బావా? అది చెప్పి తీసుకో."

గంగులయ్య తిరిగి పడవ దగ్గరికి నడిచాడు. పెద్దలెవరూ అతన్ని ఆపి అడగలేదు.

ఆమె ఇవ్వలేదు, పడవలు కదల్లేదు. పొయ్యిలు వెలగడం మానేసేసరికి పాలెం కోపమంతా పేరమ్మ మీదికే మళ్ళింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. దారిన పోతూ ఆడవాళ్ళు కూడా ఆమెకు శాపనార్థాలు పెట్టారు.

చివరికి హజరత్తయ్య వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. తండ్రి తరఫున అడిగే మనిషి ఒకడైనా ఉన్నాడనుకుని ఆమె వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇచ్చేయ్ మా. పెదనాయనకు బిడ్డల్లేరు. ఆయన తరవాత నేనే గదా" అన్నాడు.

పేరమ్మ వాడి చెయ్యి వదిలేసింది. లేచి వెళ్ళి, పాగా గంగులయ్య చేతిలో పెట్టింది.