శుభ్రం చేసిన తోటలో లెక్క

బడి గడప తొక్కకుండా, నాన్న ఇంట్లో చెప్పిన చదువుతోనే పెరిగినదాన్ని నేను. అలాంటిది ఒక క్లాసు క్లాసే మా మామిడితోటకు వస్తోందంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు. భగవంతుడు నాకోసం బడినే పంపిస్తున్నాడనుకున్నాను.

ఏడో తరగతి చదివే మా అమ్మాయి మాకు చెప్పింది ఒక్కటే, "మావాళ్లు తోట చూడ్డానికొస్తున్నారు" అని. మీటరు పొడవు, మీటరు వెడల్పున నేల మీద తాడు పరిచి, అందులో ఎన్ని రకాల మొక్కలు, పురుగులు ఉన్నాయో లెక్కపెడతారని చెప్పలేదు. వారం కిందట రెడ్డిగూడెంలో స్నేహితురాలి తోటలో పదిహేడు రకాలు దొరికితే, "మా తోటలో అంతకంటే ఎక్కువే" అని పందెం కట్టొచ్చిన సంగతీ చెప్పలేదు.

ఇంటికి నలుగురు వస్తున్నారంటే ఏం చేస్తాం? మావారు ముందురోజే ట్రాక్టరుకి రోటవేటరు కట్టి తోలించి నేలంతా చదును చేయించారు. నేను తెల్లారేసరికి చెట్ల కింద ఊడ్చి, నీళ్లు చల్లి, బియ్యప్పిండితో ముగ్గులు పెట్టాను.

బస్సు దిగిన మా అమ్మాయి మొహం పాలిపోయింది.

"అమ్మా, గడ్డేదీ?"

"తీయించేశాం కదే, మీవాళ్లొస్తున్నారని!"

"ఆ గడ్డి కోసమే వచ్చారమ్మా!"

రెడ్డిగూడెం పిల్ల పకపకా నవ్వింది. "మా హాలు కూడా ఇంత నున్నగా ఉండదే!"

టీచరుగారు నవ్వాపుకుంటూ నా ముగ్గు మీదే తాడు పరిచారు. పిండికి చీమలు బారులు తీరాయి.

"ఎన్ని చీమలు?"

"బోలెడు టీచర్!"

"ఎన్ని రకాలు?"

"ఒకటే!"

"బోలెడున్నా ఒకటే రకమైతే వైవిధ్యం కాదు."

మా అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను పక్కనే ఉన్న మావారి వైపు తిరిగాను.

"ఏవండీ, పుట్ట దగ్గర కూడా తోలించేశారా?" అన్నాను.

"నాగులచవితికి పాలు పోసే చోట ఇనుము దింపుతానా?" అన్నారు మావారు. ముందు వెళ్లి, కర్రతో గడ్డి తట్టి చూసి, పుట్టకు బాగా ఎడంగా తాడు వేయించారు.

అక్కడ మోకాలెత్తు పచ్చదనం. నేనూ కొంగు దోపుకుని పిల్లలతో కూర్చున్నాను.

"పేర్లు తెలియకపోయినా పర్లేదు, వేరుగా ఉంటే చాలు" అన్నారు టీచరుగారు. ఆ మాటకి ఆవిడ కాళ్లకు మొక్కాలనిపించింది.

"ఇది వేరు!" "కాదు, అదే!" "నూగుంది చూడు!" "అయ్యో, ఎగిరిపోయింది!" ఒకటే గోల. పదిహేడు దాకా వచ్చి లెక్క ఆగిపోయింది.

అంతలో ఓ పచ్చమిడత ఎగిరి, వంగి చూస్తున్న రెడ్డిగూడెం పిల్ల జడ మీద వాలింది.

"తియ్యవే, తియ్యి!"

"కదలకే! నీ తల తాడు లోపలే ఉంది! టీచర్, రాసుకోండి!"

టీచరుగారు కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, పద్దెనిమిది అని రాశారు. మా అమ్మాయి గెంతింది, నేనూ గెంతాను. ఆ పిల్లా ఒక చేత్తో జడ పట్టుకుని మాతోపాటే గెంతింది. ముందు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక నేను మిడతకే పెట్టాను.