దుమ్ముగూడెం దగ్గర మునిగిన లాంచీ కోసం

సైప్రస్‌లో హోటల్ రిసెప్షన్ ఉద్యోగం చేసిన రెండేళ్లూ, సెలవు దొరికితే చాలు, లార్నకా తీరంలో మునిగిన ఓడల్ని చూడటానికి నీళ్లలోకి దిగేదాన్ని. మధ్యధరా సముద్రం నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, వీపున సిలిండరుతో కొంచెం దిగగానే కింద పక్కకు ఒరిగిన ఓడ మొత్తం కనిపిస్తుంది. రెయిలింగు పట్టుకుని నడిచినట్టే చుట్టూ ఈదేదాన్ని. హైదరాబాదు తిరిగొచ్చాక ఆ కబుర్లు చెబుతుంటే, నాతో పనిచేసే నాగమణి, "మా గోదాట్ల గూడ ఒక లాంచీ మునిగింది. మా తాత అండ్లనే పోయిండు. వస్తవా, చూద్దువు గాని" అంది. 2007 మే నెలలో, నది బాగా తగ్గిన రోజుల్లో ఇద్దరం బయల్దేరాం.

సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి భద్రాచలం రోడ్ స్టేషన్. బోర్డు చూసి వచ్చేశామనుకుని, బయట ఆటో డ్రైవరును గోదావరి ఎటు అని అడిగాను. "ఇది కొత్తగూడెం మేడం. భద్రాచలం పోవాలంటే ఇంక బస్సెక్కాలె. దిగినోళ్లంత గిట్లనే అడుగుతరు" అని నవ్వాడు. పాల్వంచ మీదుగా బస్సులో గంటకు పైగా ప్రయాణం. వంతెన దాటి భద్రాచలంలో ఇడ్లీ తిని, దుమ్ముగూడెం వైపు షేర్ ఆటో పట్టుకుంటే పది గంటలకల్లా నాగమణి వాళ్ల ఊళ్లో ఉన్నాం. సిలిండరు నింపే చోటు నాకు హైదరాబాదులోనే దొరకలేదు. నా దగ్గరున్నవి నీటి కళ్లద్దాలు, ఊపిరి గొట్టం, కాళ్లకు తొడుక్కునే రెక్కలు, అంతే.

నాగమణి అమ్మమ్మ లచ్చమ్మ మమ్మల్ని కూర్చోనివ్వకుండానే అన్నం పెట్టింది. ఆమె భర్త పనిచేసిన లాంచీ, నాగమణి తల్లి పసిబిడ్డగా ఉన్నప్పుడు, వరదలో మునిగింది. మనిషి దొరకలేదు. లాంచీ మునిగిందని అప్పట్లో చూపించిన చోటికి ఎదురుగా, ఒడ్డున, ప్రతి ఎండాకాలం పూలు వదిలి దీపం పెడుతుందట. ఈసారి నా కోసం ఆగింది. "లాంచీ కర్ర ఇంక మిగిలిందో, మురిగి పోయిందో చూసి చెప్పు బిడ్డా" అంది. ఆమె మరిది రాజయ్య చేపలు పట్టే మనిషి. అతని నాటు పడవలోనే వెళ్లాలి. ఎందుకో అతనికి ఇష్టం లేనట్టుంది. ఎండ ఎక్కువైందన్నాడు, మొసళ్లున్నాయన్నాడు, తర్వాత లేవన్నాడు. చివరికి నాగమణి గదమాయిస్తే తెడ్డు అందుకున్నాడు.

దుమ్ముగూడెం ఆనకట్టకు ఎగువన నీళ్లు నిలిచి ఉంటాయి. నాగమణి అమ్మమ్మతో ఒడ్డునే ఆగింది. తాడు ఒక కొస పడవకు, ఇంకో కొస నా నడుముకు కట్టుకుని దిగాను. మనిషి లోతు దాటగానే అంతా టీ రంగు, ఇంకా కిందికి నలుపు. నా చెయ్యి నాకు కనపడలేదు. పైకి వెళ్తున్నానో కిందికి వెళ్తున్నానో తెలియక ఒకసారి భయపడి తాడు లాగేశాను. మూడోసారి దిగినప్పుడు వేళ్లకు ఏదో తగిలింది. తడుముతూ పోయాను. నున్నటి రేకు, వరసగా బొడిపెల్లాంటి రివెట్లు.

పైకొచ్చి పడవ అంచు పట్టుకుని, "ఇనుము తగిలింది" అన్నాను.

రాజయ్య తెడ్డు వెయ్యడం ఆపేశాడు. "అది లాంచీ గాదమ్మా. లాంచీ కర్రది. ఇది ఇనుప పంటు, సరుకులేసే బల్లపరుపు పడవ. ఎప్పుడో రాళ్లు మోసేటప్పుడు మునిగిందని మా నాయన చెప్పేటోడు."

"మరి లాంచీ ఎక్కడ?"

"నాకేమెరుక? ఎవ్వరికెరుక?" ఒడ్డు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా వదినకు చెప్పకు."

ఒడ్డు చేరేదాకా ఏం చెప్పాలో తేల్చుకోలేకపోయాను. లచ్చమ్మ నీళ్ల అంచుకు వచ్చి నిలబడింది. "ఎట్లుంది బిడ్డా?"

"ఇసుక కప్పేసిందమ్మా. చేతికి సరిగ్గా అందలేదు" అన్నాను.

నన్ను పైకి లాగడానికి నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. అరచేయి తిప్పి చూసింది. గీతల్లో, గోళ్ల కింద ఎర్రటి తుప్పు. కొంగుతో తుడిచి, కొంగు చూసుకుంది. తర్వాత మరిదిని చూసింది.

"నీకు ఎరుకనా?"

రాజయ్య పడవ దిగలేదు. "అన్నం ముట్టకపోతివి వదినా. పసిపిల్ల సంకన ఉండె. రోజూ ఏడ ఏడ అని అడుగుతుంటివి. ఏదో ఒక జాగ చూపాలె గద."

నాగమణి ఏడుపు మొదలుపెట్టింది. లచ్చమ్మ ఏడవలేదు, తిట్టనూ లేదు. పూల గంప పక్కన కూర్చుంది. "మరి ఏడ పెట్టాలె ఇవి?" అని నన్ను అడిగింది. గంప చంకన పెట్టుకుని లేచి నీళ్లలోకి నడిచింది. భర్త పోయాక పడవ ఎక్కని మనిషి, ఆ రోజు పడవ అంచు పట్టుకుని, "ఎక్కించు. పైనుంచి కిందిదాక తిప్పు" అంది. రాజయ్య చెయ్యి అందించాడు. పొద్దు వాలేదాకా పడవ ఎగువకూ దిగువకూ తిరుగుతూనే ఉంది. ఆమె నాలుగైదు పూలు చొప్పున, ఏ చోటూ వదలకుండా, నీళ్ల మీద వేస్తూ పోయింది. మా ఆఖరి ఆటో వెళ్లిపోయింది. ఆ రాత్రి రాజయ్య ఇంట్లోనే అందరం తిన్నాం. లచ్చమ్మే వడ్డించింది, అతనికి కూడా.

నేను వెళ్లి ఆమెకు మంచి చేశానో, ఉన్న ఒక్క చోటునూ పోగొట్టానో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నాగమణిని అడిగితే ఒకరోజు ఒకలా చెబుతుంది, ఇంకోరోజు ఇంకోలా. ఆ నీళ్లలోకి దిగాలనుకునేవాళ్లు మే నెలలో, పొద్దున్నే, తాడు పట్టుకునే మనిషిని పెట్టుకుని దిగండి. చేతులకు తొడుగులు తప్పకుండా తీసుకెళ్లండి. తుప్పు పట్టిన రేకు చర్మాన్ని కోస్తుంది. నేను తీసుకెళ్లలేదు.