తాతయ్య పెట్టిన నూలుపోగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ గోడకు ఆనుకొని కూర్చునేవారు కాదు. ఆ నియమం మా తాతయ్య పెట్టింది కాదు, ఆయన తాతల నాటి నుంచి వస్తున్నది. మైలవరం వైపు మామిడి తోటలూ, వాటి మధ్య మేడా ఉన్న రోజుల్లో ఆ పద్ధతికి ఒక అందం ఉండి ఉంటుంది. నాకు ఊహ తెలిసేసరికి తోటలూ లేవు, మేడా లేదు. గుణదలలో అద్దెకు తీసుకున్న ఇంట్లో, పెచ్చులూడిన గోడకు జానెడు ఎడంగా, వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాళ్ళం. ఇందులో నవ్వవలసింది ఏదో ఉందని నేను ఇప్పటికీ అనుకోను. ఇది రాస్తున్నప్పుడు కూడా కుర్చీకి నా వీపు తగలడం లేదు.

మేడలోని సామాన్లలో మాతో పాటు వచ్చింది ఒక్క తంబురా. మా ముత్తాత కాలంలో పాటకచేరీలు జరిగిన ఇల్లు మాది. తాతయ్య మాత్రం పాడేవారు కాదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, తంబురా మీది గుడ్డ గవిసెన విప్పి, శ్రుతి చేసి, కాసేపు మీటుతూ కూర్చునేవారు. తంబురాలో తీగలు ఆనే పీట మీద ప్రతి తీగ కిందా సన్నని నూలుపోగు ఒకటి ఉంటుంది. దాన్ని జీవాళి అంటారు. అది వెంట్రుకవాసి అటో ఇటో జరిగితే చాలు, అంతవరకూ ముడుచుకొని ఉన్న తీగ ఝుమ్మని విచ్చుకుంటుంది. ఆ చోటు దొరికినప్పుడు తాతయ్య కళ్ళు మూసుకునేవారు. ఆయన ముఖం మెత్తబడగా నేను చూసింది అప్పుడే.

నాన్న ఉద్యోగం బదిలీల మీద నడిచేది కనుక నేను చదువు కోసం తాతయ్య దగ్గరే ఉండేదాన్ని. ఆ ఇంట్లోనే మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, ఉండేవాడు. బాబాయి ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడు. బెజవాడలో పెళ్ళి రిసెప్షన్ అంటే పాటల బృందం ఉండి తీరవలసిన కాలం అది. ఒకప్పుడు విద్వాంసులను పిలిపించి శాలువాలు కప్పిన ఇంటి పిల్లవాడు, పిలిచినవాళ్ళ పెళ్ళిళ్ళలో వాయించడం తాతయ్యకు నచ్చలేదు. అలాగని వద్దనలేదు. ఆయన దేన్నీ వద్దనేవారు కాదు, దాని గురించి మాట్లాడడం మానేసేవారు. గిటారు ఇంట్లో ఎదురుగా ఉన్నా, ఆయన చూపు దాని మీద నిలిచేది కాదు.

ఆ గిటారు ఎంచుకున్న రోజు నాకు బాగా గుర్తు. గవర్నరుపేటలో వాయిద్యాల కొట్టుకు బాబాయి నన్ను వెంట తీసుకువెళ్ళాడు. కొట్టాయన ముందుగా ఎర్రగా మెరిసిపోయే గిటారు ఒకటి తీసి చూపించాడు. నా కళ్ళు దాని మీదే పడ్డాయి. బాబాయి దాని మెడను కంటికి సూటిగా పట్టుకొని, వడ్రంగి చెక్క వంకర చూసినట్టు చూసి, తిరిగి ఇచ్చేశాడు. వెనక ఎక్కడో వేలాడుతున్న గోధుమరంగు దాన్ని అడిగాడు. అన్నిటికంటే లావు తీగను మీటి, కొమ్ములా ముందుకు వచ్చిన చెక్క మీద చెవి ఆనించి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా కదలకుండా ఉండిపోయాడు.

“కరెంటు పెట్టి విను బాబూ, చెవి పెట్టి ఏం వింటావు?” అన్నాడు కొట్టాయన.

“కరెంటు పెడితే మీ బాక్సు వినబడుతుందండీ. నాకు కర్ర వినబడాలి.”

తర్వాత నన్ను పిలిచి, “అమ్మలూ, ఇలా వంగు” అన్నాడు. వంగి చెవి ఆనించాను. బ్యారేజీ మీద నిలబడితే గేట్ల కింద నీళ్ళ మోత పాదాల్లోంచి పైకి పాకుతుంది. అలాగే ఆ తీగ మోత నా దవడ ఎముకలోంచి గుండెలోకి దిగింది. ఎంతసేపటికీ ఆగలేదు. తల ఎత్తగానే మాత్రం ఏమీ లేదు, టుక్కుమని చిన్న చప్పుడు తప్ప. “చూశావా? దూరం నుంచి వింటే ఇది ఉత్త కర్ర. ఆనుకొని వినాలి” అన్నాడు బాబాయి. ఆనుకోవడం మా ఇంట్లో తప్పు కనుక ఆ మాట నాకు కొంచెం భయంగానే తోచింది.

మా డెల్టా తేమకు వానాకాలంలో ఆ గిటారు మెడ వంగి తీగలు పైకి లేచేవి. ఆటోనగర్‌లో స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న ఎలన్ కీతో మెడ లోపలి ఇనుప కడ్డీని ఒక పిసరు తిప్పి, తీగల ఎత్తు వేలితో చూసుకొని, మళ్ళీ శ్రుతి చేసి, మధ్యాహ్నాలు సాధన చేసేవాడు. అది తాతయ్య కునుకు తీసే వేళ. అందుకని ఎప్పుడూ కరెంటు పెట్టేవాడు కాదు. కనుక పక్క గదిలో ఉన్న తాతయ్య చెవిన పడిందల్లా ఆ టుక్కు టుక్కు చప్పుడే. తన కొడుకు జీవం లేని వాయిద్యాన్ని నమ్ముకొని బతుకు పాడుచేసుకుంటున్నాడని ఆయన ఏళ్ళ తరబడి బాధపడ్డారు. ఆ చప్పుడు ఎందుకు అంత చిన్నగా ఉందో అడగలేదు. తండ్రి నిద్ర పాడవుతుందని సద్దు చేయకుండా వాయిస్తున్నానని బాబాయి చెప్పలేదు.

అటువంటప్పుడు ఒక పెళ్ళి పిలుపు వచ్చింది. ఒకప్పుడు మా తోటలు కౌలుకు చేసినవాళ్ళు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు పెట్టి పైకి వచ్చారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి తాతయ్యను ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి, పాత మర్యాద ఏమాత్రం తగ్గకుండా పిలిచారు. రిసెప్షన్‌లో పాటలు బాబాయి వాళ్ళవే. వెళ్తే, కౌలుదారు ఇంటి పెళ్ళిలో కొడుకు వాయిస్తుండగా ముందు వరసలో కూర్చోవాలి. వెళ్ళకపోతే ఆ మర్యాదను కాదన్నట్టు. తాతయ్య కొన్నాళ్ళు ఏమీ తేల్చలేదు. చివరికి ఒక ఉదయం తంబురాకు గవిసెన తొడుగుతూ, “నా పట్టుపంచె తీయించండి” అన్నారు.

బాబాయికి ఆ సాయంత్రం ఇంకా పెద్దది. మద్రాసులో రికార్డింగులకు వాయిద్యాల వాళ్ళను కుదిర్చే ఒకాయన పెళ్ళికొడుకు వైపు చుట్టం. బేస్ వాయించే మనిషి కోసం వెతుకుతున్నాడనీ, ఆ రోజు వచ్చి వింటాడనీ ఆర్కెస్ట్రా మాస్టారు కబురు చేశారు. బాబాయి ఎంత కాలంగానో కోరుకున్నది అదే. ఆ వారమంతా గిటారు తప్ప అతనికి మరో ధ్యాస లేదు. కొత్త తీగలు వేశాడు, మెడ సరిచేశాడు. అప్పుడప్పుడు నన్ను పిలిచి చెవి ఆనించి చూడమనేవాడు. తీగ నిండుగా, గుండ్రంగా పలికేది.

పెళ్ళి రోజు మధ్యాహ్నం బాబాయి ఇస్త్రీ చొక్కా తెచ్చుకోవడానికి బయటకు వెళ్ళాడు. నేను గుమ్మంలో కూర్చొని చదువుకుంటున్నాను. తాతయ్య తంబురా గవిసెనలోంచి నూలు ఉండ తీసుకొని, మొదటిసారి ఆ గిటారు దగ్గరకు వెళ్ళారు. దాన్ని చాప మీద పడుకోబెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకొని, వెన్ను వంచకుండా చేతులు మాత్రం చాపి పనికి పూనుకున్నారు. తంబురా తీగకు ఒక్క పోగు చాలు. అంత లావు తీగలకు చాలదనుకున్నారేమో, పోగులు కలిపి పేని, తీగలు ఆనే ఇనుప మెట్టు మీద ఒక్కొక్క తీగ కిందా ఓపికగా దూర్చారు. తల ఎత్తేసరికి నేను కనబడ్డాను.

“మీ బాబాయితో అనకు తల్లీ. తన చేతిలోనే పలికిందనుకోవాలి” అన్నారు. ఆయన సిగ్గుపడగా నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

నాకూ అది మంచి పనిగానే తోచింది. జీవాళి పెడితే తీగ పలుకుతుందని నేను రోజూ చూస్తున్నదే కదా. తంబురా పీట వెడల్పుగా, నున్నగా, వంపు తిరిగి ఉంటుంది కనుకనే అక్కడ నూలు జీవం పోస్తుందనీ, గిటారు మెట్టు కత్తి అంచులా సన్నం కనుక అక్కడ పెట్టిన దారం తీగ గొంతు నొక్కేస్తుందనీ నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తాతయ్యకు చివరిదాకా తెలియలేదు.

ఆ సాయంత్రం పెళ్ళి హాల్లో తాతయ్యకు ముందు సోఫా చూపించారు. దానికి వీపు తగలకుండా, తలుపుకు పెట్టిన గడియలా కూర్చున్నారు. పక్క సోఫాలో మద్రాసు ఆయన. నేను వేదిక పక్కన బాబాయి దగ్గర నిలబడ్డాను. బాబాయి గిటారుకు వైరు తగిలించి మీటాడు. పరుపును కర్రతో కొట్టినట్టు ఒక మొద్దు మోత వచ్చి, వెంటనే చచ్చిపోయింది. మరలు తిప్పి శ్రుతి చేసి మళ్ళీ మీటాడు. అదే మోత. అప్పుడు మెట్టు దగ్గర తెల్లటి నూలు చూశాడు. మా ఇంట్లో అలా పోగులు పేనే చెయ్యి ఒక్కటే. నా వంక చూశాడు. నేను ఆనందంగా నవ్వి, కళ్ళతో తాతయ్యను చూపించాను. బాబాయి గోరు దారం కొస దాకా వెళ్ళింది. ముందు వరసలో నుంచి తాతయ్య ఆ చేతినే చూస్తున్నారు. గోరు వెనక్కి వచ్చింది.

“ఆ దారాలేంట్రా? పీకి అవతల పారెయ్” అన్నారు మాస్టారు.

“ఉండనివ్వండి మాస్టారూ.”

“మద్రాసాయన అదిగో కూర్చున్నాడు, చూశావా?”

“చూశానండి. ఆ పక్కన మా నాన్నగారు కూడా కూర్చున్నారు.”

మాస్టారు ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. పాటలు మొదలయ్యాయి. నేను వెళ్ళి తాతయ్య పక్కన కూర్చున్నాను. బాబాయి ఆ మొద్దు మోతతోనే, ఒక్క దెబ్బ తప్పకుండా వాయించాడు. బాక్సుల్లోంచి వచ్చే ఆ వాయిద్యాన్ని తాతయ్య వినడం అదే మొదటిసారి. ఇంట్లో టుక్కుమన్నది ఇక్కడ నేల అదిరేలా మోగుతుంటే, అది తన నూలు చేసిన పని అని ఆయన అనుకున్నారు. కాసేపటికి మోకాలి మీద ఆయన వేళ్ళు తాళం వేయడం మొదలుపెట్టాయి. పెళ్ళివారిలో ఎవరో వంగి, “ఆ లావు తీగల గిటారు అబ్బాయి ఎవరండీ?” అని అడిగారు.

“మా రెండోవాడండీ” అన్నారు తాతయ్య, పక్క సోఫాకు కూడా వినబడేటట్టు.

మద్రాసు ఆయన భోజనానికి ఆగలేదు. సామాను సర్దుతున్నప్పుడు మాస్టారు బాబాయితో అన్న మాట నేను విన్నాను. “లయ బంగారం అన్నాడురా. మోతలోనే జీవం లేదు అన్నాడు.” బాబాయి గిటారును సంచిలో పెడుతూ, “నిజమేనండీ” అన్నాడు.

ఇంటికి వచ్చే రిక్షాలో తాతయ్య వేళ్ళు మోకాలి మీద ఇంకా తాళం వేస్తూనే ఉన్నాయి. ఏలూరు కాలువ దాటాక, “ఇవాళ పలికిందిరా” అన్నారు. “అవునండీ నాన్నగారూ” అన్నాడు బాబాయి. సంగీతం గురించి వాళ్ళిద్దరి మధ్యా నడిచిన సంభాషణ మొత్తం అంతే.

మద్రాసు నుంచి ఇక కబురు రాలేదు. తాతయ్య ఉన్నన్నాళ్ళూ బాబాయి కచేరీకి వెళ్ళి దారాలు తీసి వాయించేవాడు, ఇల్లు చేరే ముందు మళ్ళీ దూర్చేవాడు. తర్వాత కీబోర్డులు వచ్చి ఆర్కెస్ట్రాలు పలచబడ్డాయి. బాబాయి ఒక బడిలో సంగీతం చెబుతూ మిగిలిన జీవితం గడిపేశాడు. నేను పెద్దదాన్ని అయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు దారం ఎందుకు తీయలేదని.

“తీస్తే ఆయన చూసేవారు అమ్మలూ. మళ్ళీ ఆ గిటారు దగ్గరకు వచ్చేవారు కాదు” అన్నాడు. మళ్ళీ తనే, “కర్ర మీద చెవి పెట్టి వినండి నాన్నగారూ అని ఒక్కసారి అనవలసింది. ఆయన్ని వంగమని ఎలా అంటాం?” అన్నాడు.

నాకు తెలిసినంతలో మా వంశం పోగొట్టుకున్న ఆస్తుల్లో పెద్దది ఆ మాటే. తోటలు పోవడానికి కారణాలు చెప్పుకోవచ్చు. ఒకే ఇంట్లో గోడకు అటూ ఇటూ ఉండి, ఒకరినొకరు అంత ప్రేమించి, ఒక్క వాక్యం పైకి అనలేకపోవడానికి నేను ఏ కారణమూ చెప్పలేను. ఒకరి గౌరవాన్ని కాపాడడం కోసం తన కోరికను చప్పుడు లేకుండా వదులుకోవడం ఎంత గొప్పదో ఆ సాయంత్రం బాబాయి దగ్గర నేర్చుకున్నాను. అది ఎంత ఖరీదైనదో నేర్చుకోవడానికి తర్వాతి జీవితమంతా పట్టింది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. గిటారు ఆ దారాలతోనే నా దగ్గరకు వచ్చింది. పై అంతస్తులో ఉండే కాలేజీ కుర్రాడు చూసి, “దారాలు తీసేస్తే బాగా మోగుతుంది మామ్మగారూ” అన్నాడు. మోగుతుందని నాకు తెలుసు. తీయలేదు. కొన్ని పొద్దుటి వేళల్లో తలుపు వేసుకొని, నొప్పెట్టే నడుమును మెల్లగా వంచి, ఆ కొమ్ము మీద చెవి ఆనించి లావు తీగను మీటుతాను. అంత నూలు అడ్డం ఉన్నా, దవడ ఎముకలోకి ఏదో కొద్దిగా దిగుతుంది, ఆగిపోతుంది. ఎవరి మాటైనా నాకు జీవం లేనిదిగా తోచినప్పుడు, కాదనే ముందు లేచి వాళ్ళకు దగ్గరగా వెళ్ళి కూర్చోవడం ఆ తీగ దగ్గరే అలవాటు చేసుకున్నాను. ఆనుకోవడం మాత్రం నాకు ఇంకా సరిగ్గా రాలేదు.