గాయపాకు కోసం నాలుగడుగులు

ఫిబ్రవరి రెండో వారం, పొద్దున ఆరున్నరకు రాజస్థాన్ సరిహద్దులో మా పోస్టు దగ్గర ట్రక్కు దిగాను. ఎడారి అంటే ఇసుక దిబ్బలనుకున్నాను. కాదు. మా పుంగనూరు మెట్ట చేలలాగే గట్టి నేల, గులకరాళ్లు. పోస్టుకు ఎడమ పక్క మోకాలెత్తు తీగ, దానికి వేలాడే ఎర్ర రేకు ముక్కలు. అవతల ఎప్పటివో మందుపాతరలు. తీగ దాటకూడదు. హవల్దారు ఇచ్చిన మొదటి ఆర్డరు అదే.

మనిషీ మేకా తొక్కని చోటు కదా, అక్కడ గాయపాకు విరగబూసింది. పుస్తకాల్లో గడ్డి చామంతి అంటారు. సన్నటి పొడుగు కాడ, చివర పసుపు బొడ్డుతో చిన్న పువ్వు. మావైపు కొడవలి తగిలి తెగితే ఆ ఆకు నలిపి పసరు పిండుతాం. దాన్ని చూసి ఇల్లు చేరినంత సంతోషపడ్డాను, వెర్రివాణ్ణి.

పదకొండో రోజు, మధ్యాహ్నం మూడు నలభై. నేనూ, మా పోస్టులో మెషిన్‌గన్ చూసే గన్నరూ బంకరు మీద రేకు సర్దుతున్నాం. అతనిది కుప్పం పక్క శాంతిపురం. రేకు అంచు అతని అరచెయ్యి కోసింది.

"సూడప్పా, నెత్తురు నిలబడతా లేదు!"

మందుల డబ్బా పదడుగుల దూరంలో బంకర్లోనే ఉంది. నాకు గుర్తే రాలేదు. కాళ్లు వాటంతట అవే తీగ దాటాయి. నాలుగడుగులు వేసి ఆకు కోసం వంగాను.

"యాడికి పోతాండావప్పా! ఆడ పాతరలుండాయి!"

అక్కడే బిగుసుకుపోయాను. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోదామంటే గట్టి నేల మీద నా బూటు గుర్తు ఒక్కటీ పడలేదు. హవల్దారు వైర్‌లెస్ సెట్టులో పాతరలు తీసే ఇంజనీర్లను పిలిచాడు. రెండు గంటలు పడుతుందనీ, ఊపిరి తప్ప ఏదీ కదిలించొద్దనీ హిందీలో అరిచాడు.

అంత భయం నేను మళ్లీ ఎరగను. బూటుకు ఆనుకున్న పువ్వు ఊగుతోంది. గాలి లేదు. వణుకుతున్నది నా కాలు.

గన్నరు చేతికి కట్టు కట్టుకుని తీగ ఇవతల కూర్చున్నాడు. "మీ ఇంట్లో ఊరిబిండి యెట్ల నూరతారో చెప్పప్పా. మాట నిలపొద్దు."

శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు అన్నాను. మళ్లీ ఉప్పు అన్నాను.

"ఇంకెంత ఉప్పేస్తావప్పా!"

నవ్వబోయి ఏడ్చేశాను.

ఇంజనీర్లు నేలను అంగుళం అంగుళం గుచ్చి చూస్తూ వచ్చారు. నా ఎడమ మడమకు జానెడు దూరంలో పాతర దొరికితే అక్కడ ఎర్ర జెండా పాతారు. ఐదు యాభైకి తీగ ఇవతలికి వచ్చాను. గన్నరు నన్ను గట్టిగా వాటేసుకుని తిట్టాడు. "ఆకు కోసరం సచ్చేవాడివి గదప్పా!"

కొన్నేళ్లకు సర్వీసు ముగిసింది. మదనపల్లెలో కాపలా ఉద్యోగం దొరికింది. పుంగనూరు నుంచే పోయివస్తున్నాను. నెల తిరక్కుండానే ఆరేళ్ల నా కూతురు సైకిలు మీద నుంచి పడి మోకాలు చీరుకుంది.

"గట్టు మింద గాయపాకు ఉండాది, తెంపుకరాపో" అంది నా భార్య.

నాకు అడుగు పడలేదు. అంతలో పాపే కుంటుతూ గట్టెక్కింది. "కదలొద్దు!" అని అరిచాను. వీధిలో వాళ్లు బయటికొచ్చారు.

పాప ఒంటికాలి మీద ఆగిపోయింది. మోకాలి నుంచి నెత్తురు కారుతూనే ఉంది. ఏడుపు మింగేసి, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక, చుట్టూ పూసిన పూలను బెదురుగా చూస్తోంది. ఆ చూపు నన్ను వదలదు. అంతకుముందు రోజు కూడా తను ఆడుకుంటూ తెంపిన పూలే అవి.