కొమ్ము పైకి పోయిననాడు

మొన్న తార్నాక చౌరస్తా దాటి లాలాపేట్ దిక్కు మళ్లంగ పాత సామాన్ల బండి మీద రెండు స్పీకర్ డబ్బాలు కనపడ్డయి. ఒకప్పుడు తెల్లగ ఉండి, ఏండ్లకు మక్కపిండి రంగుకు తిరిగినయి. ముందరి జాలీ చినిగి, వైర్లు ఎలుక తోకల లెక్క వేలాడుతున్నయి. నేను ఒకదాన్ని ఎత్తి ముక్కు కాడ పెట్టుకున్న. కాగిన దుమ్ము వాసన, పాత ప్లాస్టిక్ వాసన. బండాయన కాసేపు చూసి, "కొంటవా అమ్మా, వాసన జూసి పెడతవా?" అన్నడు. నా మనుమరాలు కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సిగ్గుకు వాసన ఉంటదని ఎవరూ చెప్పరు గాని, ఉంటది. నా సిగ్గు వాసన అదే.

మాది భువనగిరి దిక్కు పల్లె. వానలు మొకం చాటేసిన ఏడు మా నాయిన యేసోబు మమ్మల్ని తీసుకొని లాలాపేట్‌ల ఒక రేకుల గదికి వచ్చిండు. పొద్దుగూకితే చాలు, గల్లీ కొస నుంచి "ఓ యేసోబా!" అని దోస్తుల పిలుపు వచ్చేది. ఆ పిలుపు వినంగనే మా అమ్మ చేతిల గిన్నె కింద పడేది. పడేసేది అంటే సరిగ్గ ఉంటది. ఆ పిలుపుకు పోయిన మనిషి సారా తాగి గోడలు పట్టుకుంట వచ్చేటోడు. ఆఖరికి చర్చిల పెద్దలు కూసోబెట్టి మాట్లాడితే, బైబిల్ మీద చెయ్యి పెట్టి ఇగ ముట్టనన్నడు. ఆ ఒట్టు విన్న పెద్దమనిషి ఒకాయన యూనివర్సిటీల కంప్యూటర్ల గదిని చూసే సారుకు చెప్పి, నాయినను అక్కడ పనికి పెట్టించిండు. సారు ఒక్కటే మాట అన్నడట: "తాగినవని తెలిస్తే ఆ రోజే ఆఖరు." గది ఊడ్చుడు, దుమ్ము తుడుసుడు, తాళాలు తీసుడు, వేసుడు. ఆ తాళాల గుత్తి నడుముకు కట్టుకున్న నాడు మా నాయిన నడకే మారింది. లాలాపేట్ గల్లీల గలగలమని సప్పుడు చేసుకుంట నడిచేటోడు, చెయ్యి తాకకున్నా చెయ్యి తాకినట్టు చేసి మోగించేటోడు.

యూనివర్సిటీ అప్పుడు మాకు అడివే. వానకాలం పోయి చలి మొదలైతుంటే గుట్టల సందుల సీతాఫలాలు కండ్లు తెరిచేవి, మేము పిల్లలం గోనె సంచులు పట్టుకొని పోయి కాయలు తెంపుకొచ్చి బియ్యం డబ్బాల పండేసేటోళ్లం, ఎండకాలం మొదట్ల చింతచిగురు కోసుకొచ్చేటోళ్లం, నెమళ్లు అరిస్తే వాన వస్తదని అమ్మ బట్టలు తీసేది, ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి నెమలే అబద్ధం చెప్పేది. క్రిస్మస్‌కు మా గల్లీ అంతా సకినాల నూనె వాసన. కోస్తా దిక్కు నుంచి వచ్చిన ఇండ్లల్ల అరిసెలు వత్తేటోళ్లు, మా ఇండ్లల్ల సకినాలు చుట్టేటోళ్లు, పిల్లలం మాత్రం రెండు దిక్కులా తిని రెండు భాషల్ల తిట్లు పడేటోళ్లం. మధ్యాహ్నం పూట రాతిబండ నీడల గచ్చకాయలు ఆడుకుంట కూసుంటే, మౌలాలి దిక్కు పోయే గూడ్సు బండికి కింద నేల అదిరి కాయలు వాటంతట అవే దొర్లేవి. అప్పుడు ఓడినోళ్లు "రైలు ఓడగొట్టింది" అనేటోళ్లు.

నేను అక్షరాలకు ఆలస్యంగ వచ్చిన. మిగితా పిల్లలు పది పరీక్ష రాసే వయసుకు నేను అ ఆలు దిద్దిన. ఊర్ల ఎడ్లు కాసిన, ఇక్కడికొచ్చి తమ్ముండ్లను కాసిన, పలక పట్టే తీరిక ఎక్కడిది? చర్చి పక్క గదిల సాయంత్రం పూట గుంటూరు దిక్కు నుంచి వచ్చిన ఎస్తేరు టీచరమ్మ మాకు చదువు చెప్పేది. నా పక్కన కూసునేది కూరగాయలమ్మే ఒక ముసలమ్మ. ఆమెకు ‘ల’ రాదు, నాకు కొమ్ము రాదు. అక్షరానికి ‘ఉ’ సప్పుడు ఇచ్చే కొమ్ము కుడిపక్క కిందికి దిగాలె. నాది ఒక్కోసారి పైకి లేచేది. ఎడ్లు కాసిన దాన్ని, కొమ్మంటే నాకు ఎద్దు కొమ్మే, ఎద్దు కొమ్ము పైకే ఉంటది. "ఏవే మార్తా, అది కొమ్మే తల్లీ, పొడవడానికి కాదు, కిందకి దించు!" అని టీచరమ్మ నెత్తి కొట్టుకునేది. పైకి పోతే అది దీర్ఘం అయితదని ఆమె చెప్పేది. ఒక గీత కిందున్నా పైనున్నా ఏమైతది అనుకున్న నేను.

ఇట్ల ఉండంగ ఒకనాడు నాయిన ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే, "కంప్యూటర్ బంద్ ఉన్నది, దాని పక్క డబ్బాలకెల్లి పాట వస్తున్నది" అని చెప్పిండు. తాగి వచ్చిండేమోనని అమ్మ దగ్గరికి పోయి వాసన చూసింది. నేను సద్ది తీసుకొని పోయిన నాడు నా చెవులతోటే విన్న. స్పీకర్లు గుయ్యిమంటున్నయి, ఆ గుయ్యిల సన్నగ, బావిలకెల్లి మాట్లాడినట్టు, రేడియో. అక్కడ చదువుకునే పిలగాండ్లు వైరు ఏరియల్ లెక్క గాలిల ఉన్న రేడియోను పట్టుకుంటదని చెప్పిన్రు. వైరును కిటికీ ఊచలకు తగిలిస్తే ఇంకా మంచిగ పలికేది. సారు మధ్యాహ్నం బువ్వ తిని వచ్చే వేళకు సరిగ్గ ఉత్తరాలు చదివి పాటలు వేసే ప్రోగ్రాం వచ్చేది. సారు కూడ అద్దాలు తుడుసుకుంట ఒక పాట విని, అప్పుడు పనికి కూసునేటోడు.

నాకు ఆలోచన తట్టింది. నాయినకు తెల్వకుండ కార్డు రాస్తే, సారు ముంగట, పిలగాండ్ల ముంగట, ఆ డబ్బాలకెల్లే నాయిన పేరు వస్తది. నా జన్మల మొదటి ఉత్తరం అది. టీచరమ్మకు చూపిస్తే తప్పులు తీస్తదని చూపియ్యలేదు. ఇట్ల రాయాలనుకున్న: "మా నాయిన యేసోబు యూనివర్సిటీ కంప్యూటర్ల గదిల పని చేస్తడు. పొద్దంత సారు కాడనే ఉంటడు. మా నాయిన మస్తు మంచోడు. ఆయనకు ఒక పాట వెయ్యున్రి. లాలాపేట్ మార్త."

కార్డు పోస్టు చేసినంక రోజూ పాటల వేళకు సద్ది నేనే తీసుకపోయేదాన్ని. నాయిన ముద్దలు కలుపుకుంట, "ఏందే, ఈ మధ్య నా మీద గింత ప్రేమ?" అనేటోడు.

ఒకనాడు నా కార్డు వచ్చింది. సారు అద్దాలు తుడుస్తున్నడు. పిలగాండ్లు కిటికీ కాడ ఉన్నరు. నాయిన తడిబట్ట పట్టుకొని బల్ల తుడుస్తున్నడు. డబ్బాలకెల్లి తియ్యటి ఆడగొంతు: "లాలాపేట నుంచి మార్త అనే చిన్నారి రాస్తోంది." నేను నాయిన దిక్కు చూసిన. "మా నాయిన యేసోబు యూనివర్సిటీ కంప్యూటర్ల గదిల పని చేస్తడు. పొద్దంత..." అని ఆ గొంతు ఆగింది. మళ్ల మెల్లగ చదివింది. "పొద్దంత సారా కాడనే ఉంటడు. మా నాయిన మస్తు మంచోడు."

పిలగాండ్లు ఒక్కసారి నవ్విన్రు. గొంతు మాత్రం నవ్వలేదు. అప్పుడు సర్కారు సారా బంద్ పెట్టిన కాలం, రేడియో తెరిస్తే తాగుడు మీద నీతులే. ఆమె కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నట్టు చెప్పింది: "విన్నారా శ్రోతలూ? తండ్రి పొద్దంతా సారా దగ్గరే ఉన్నా, మంచివాడే అంటోంది ఈ పసిమనసు. యేసోబు గారూ, మీరు వింటుంటే, ఈ బిడ్డ కోసమైనా మానెయ్యండి. ఇదిగో మీకోసం పాట." పాట మొదలైంది. పిలగాండ్ల నవ్వు ఆగింది. సారు అద్దాలు పెట్టుకొని నాయిన దిక్కు చూసిండు.

"యేసోబూ, ఏమిటిది?"

నా నోట్లె మాట ఉన్నది. అది సారా కాదు, మీరే, మీ పేరే రాసిన, కొమ్ము పైకి పోయింది అని. నోరు తెరిచిన కూడ. అంతల నాయిన తడిబట్ట బల్ల మీద పెట్టి, తల వంచి, "తప్పయింది సారూ. మళ్ల మొదలువెట్టిన. తప్పయింది" అన్నడు.

నేను రాయాలనుకోని తప్పు అది. ఎవరికీ తెల్వని తప్పు. సారు లేచి స్పీకర్ వైరు గుంజిండు. నా పాట సగంల తెగింది. నాయిన నడుము నుంచి తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టిండు, సప్పుడు రాకుండ, పసిపిల్లను పండబెట్టినట్టు.

తార్నాక దాక ఇద్దరం నడుసుకుంట వచ్చినం. ఆడికొచ్చినంక నా మొకం చూడకుండనే అడిగిండు. "నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

"ఏది?"

"గదే. నేను మళ్ల తాగుతున్న అని."

నాకు అప్పటిదాక తెల్వదు. అమ్మకు తెల్వదు. రోడ్డు పక్కన కూసోని, వేపపుల్లతోటి మట్టిల రెండు మాటలు రాసి చూపిచ్చిన. ఇది సారు. ఇది సారా. నేను ఇది రాయబోయి అది రాసిన అని. అక్షరం ముక్క రాని మనిషి, కొమ్ము మీద వేలు పెట్టి కిందికి ఒకసారి, పైకి ఒకసారి గీసి చూసిండు.

"గింత కొమ్ముకు గంత ఇజ్జత్ పాయెనా!" అన్నడు. నవ్వినట్టే అనిపిచ్చింది. మళ్ల కాలితోటి రెండు మాటలూ చెరిపేసిండు. "ఎవలన్న సదువుతరు" అన్నడు.

సారు చెడ్డోడు కాదు. గదిల నుంచి తీసేసి బయట ఆకులు ఊడ్చే పనికి పెట్టిచ్చిండు. కాని తాళాల సప్పుడు పోయింది. మా నాయిన గల్లీల నడుస్తే ఏ సప్పుడూ లేకపోయేది. మా అమ్మ ఆయననూ తిట్టింది, నన్నూ తిట్టింది: "సదువు నేర్పిస్తే నాయిన పరువు తీస్కపోయి రేడియోల వెట్టింది." చర్చి మెట్ల మీద ఆడోళ్లు నన్ను చూసి "రేడియో పిల్ల" అనేటోళ్లు. తాగుడు మానిండా అని అడుగుతరు. కథలైతే మానేటోడు. మా నాయిన మానలేదు. తగ్గించిండు. నా ముంగట మాత్రం ఎన్నడూ తూలలేదు, దూరం నుంచి నన్ను చూస్తే గోడకు ఒరిగి నిలబడి, నేను పోయేదాక ఆగేటోడు. అది చూసుడే నాకు ఎక్కువ సిగ్గు.

ఇప్పటి స్పీకర్లకు రేడియో రాదు, వైర్లే లేవు. సీతాఫలాల గుట్టల్ల గోడలు లేచినయి. కార్డు రాసేటోళ్లు లేరు, చదివి కండ్లనీళ్లు పెట్టుకునే గొంతులూ లేవు. నాయిన సమాధి రాయి ముషీరాబాద్‌ల చెక్కిచ్చిన. చెక్కేటాయన సుద్దముక్కతోటి ముందుగల పేరు రాసుకున్నడు. ఆఖరి అక్షరానికి కొమ్ము జర పైకి లేచింది.

"అది దించు" అన్న. "పైకి పోతే యేసోబా అయితది."

"గంత సన్నగ ఎవరు జూస్తరమ్మా?"

"నేను జూస్త."

చెరిపి, దించి, చెక్కేదాక ఆడనే నిలబడ్డ. గల్లీ కొస నుంచి ఆ పిలుపు పిలిచేటోళ్లు కూడ అందరూ పోయిన్రు. అయినా రాయి మీద మా నాయినను ఎవరూ అట్ల పిలవొద్దని నిలబడ్డ.