గుంజ మొదట్లో తడి

శాలిబండలో మా ఇంటి వెనక ఎత్తు గోడల మధ్య చిన్న పెరడుంది. అందులో మా ఆయన కట్టెలతో ఓ గది కట్టించారు. వచ్చినవాళ్లందరికీ సమ్మర్ హౌస్ అని గొప్పగా చూపించేవారు. నా లెక్కలో మాత్రం అది పెంకులు కప్పిన పందిరి.

లాడ్ బజార్‌లో ఏళ్ల తరబడి లక్క గాజుల దుకాణం నడిపిన మనిషి. దుకాణం వెనకే లక్క కరిగించే బట్టీ. ఆ పొగంతా ఛాతీలో చేరింది. ఎండాకాలం మా స్లాబు ఇంట్లో ఊపిరాడక కూర్చునే తెల్లవార్చేవారు. ఏసీ పెడితే దగ్గు ఇంకా ఎక్కువైంది. అందుకే ఈ పందిరి.

నాలుగు మూలలా బెరడు తీయని దుంగలే గుంజలు. మేకు కనిపించకూడదని చెక్కలో చెక్క దూర్చి బిగించారు. రెండు వైపులా కూల్చేసిన పాత ఇళ్ల నుంచి తెచ్చిన జాలీ తలుపులు, మిగతా రెండు వైపులా వట్టివేళ్ల తడకలు. మా పుట్టింట్లో గుంజలన్నీ రాతి దిమ్మెల మీద నిలబడేవి. ఇక్కడా రాళ్లు పెట్టించమన్నాను. చెట్టు నేలలోంచి లేచినట్టుంటేనే అందమట. గుంజలు మట్టిలోనే పాతించారు. ఆయన మొండితనం ముందు నా మాట ఏ మూలకు?

కానీ ఆ పందిట్లో ఆయన నిద్రపోయేవారు, అది నిజం. మధ్యాహ్నం తడకల మీద నీళ్లు చల్లితే వేళ్ల వాసన లేచేది, కాసేపటికి ఊపిరి కుదుటపడేది. ఆయన గురక వింటూ నేను బియ్యం ఏరుకునేదాన్ని. అంతకన్నా సుఖం నాకు గుర్తులేదు. ఆ నీళ్లు తడకల మీంచి కారి గుంజల మొదట్లోకే దిగుతున్నాయని ఇద్దరం ఆలోచించలేదు.

ఈ ఎండాకాలం తడక కడుతుంటే మూల గుంజ కదిలింది. బెరడు సందులో పిన్నీసు గుచ్చితే మొత్తం దిగిపోయింది. వడ్రంగిని పిలిపించాను. గుంజ మార్చాలంటే కప్పంతా దించాలని, అది వానలు వెళ్లాకే అవుతుందని చెప్పి, ఒక వాసం ఊతంగా పెట్టి, అందాకా నీళ్లు తగలనివ్వొద్దని చెప్పి వెళ్లాడు.

గుంజ కాస్త వదులైందని మాత్రమే ఆయనకు చెప్పి, నీళ్లు మానేశాను. ఆ మర్నాడే మిట్టమధ్యాహ్నానికి ఆయనకు ఆయాసం ముదిరింది. తడకలెందుకు ఆరిపోయాయని అడిగితే చెప్పక తప్పలేదు. లేచి వెళ్లి బెరడు లాగారు. లోపలి చెక్క తడిసిన రస్కులా మెత్తగా చేతిలోకి వచ్చింది.

ఎన్నాళ్ల కోపమో, నాకు ఆగలేదు. "రాయి పెట్టియ్యుమని మొత్తుకున్న. ఇన్నరా మీరు?"

"ఇనలే. తప్పు నాదే," అన్నారు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. "గిప్పుడైతే నీళ్లు చల్లు. ఈ ఒక్క ఎండాకాలం నిలవడితే చాలు. అటెన్క నాకు దీంతోని పనిలేదు."

పోయినసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు నన్ను బయట కూర్చోమని ఆయనొక్కరితోనే మాట్లాడాడు. ఏమన్నాడని అడిగితే మందులు మార్చాడన్నారు. నమ్మాను.

బకెట్టు నింపుకొచ్చి తడకలన్నీ తడిపాను. వేళ్ల వాసన లేచింది, ఆయన కళ్లు మూసుకున్నారు. నా చాప తీసుకెళ్లి ఆ మూల గుంజ కింద పరుచుకున్నాను. పడితే ముందు నా మీదే పడాలి. ఆయన కళ్లు తెరిచి, ఇటు రమ్మని చెయ్యి చాపారు. నేను వెళ్లలేదు.